ట్యూబు చివర ఊపిరి

గుర్రానికి వాంతి రాదు. ఈ ఒక్క సంగతి తెలియనివాడు గుర్రం కడుపునొప్పి జోలికి పోకూడదు. కుక్క కక్కుతుంది, పిల్లి కక్కుతుంది, మనిషి సంగతి చెప్పక్కర్లేదు. గుర్రం కడుపులోకి దిగింది మాత్రం మళ్ళీ నోటికి రాదు. తిన్నది ఉబ్బి, కిందికి కదలకపోతే లోపల సంచి పగిలి చస్తుంది. అందుకని ముక్కు రంధ్రంలోంచి పొడుగాటి ట్యూబు వేసి, గొంతు దాటించి, కడుపుదాకా దింపి, లోపలున్నది బయటికి తియ్యాలి.

చెప్పడానికి నాలుగు ముక్కలే. చెయ్యడంలో ఒక చిక్కుంది. గొంతు దగ్గర రెండు దారులుంటాయి, మేతది ఒకటి, గాలిది ఒకటి. ట్యూబు ఏ దారిన పోయిందో కంటికి కనపడదు. అది గాలి దారిన పోయిందని తెలుసుకోకుండా మందు పోస్తే ఊపిరితిత్తుల్లో పోసినట్టే.

నేనొకసారి అలా పోశాను. మూడోనాడు గుర్రం చచ్చిపోయింది.

అప్పుడు నేను తాడేపల్లిగూడెంలో పశువుల ఆస్పత్రి అటెండర్ని. నాకు అక్షరం ముక్క రాదు. మందు సీసాల్ని మూత రంగు చూసి గుర్తుపట్టేవాణ్ణి. స్టేషను బయట ఇంకా ఆరేడు జట్కాలు తిరిగే రోజులు. డాక్టరుగారు గుర్రాలకు ట్యూబు వేస్తుంటే తల పట్టుకునేవాణ్ణి, చూసి చూసి ఆ పని నాకు వచ్చేసిందనుకున్నాను. ఒకరోజు ఆయన క్యాంపుకు వెళ్ళిన సమయంలో ఒక జట్కా అతను గుర్రాన్ని నడిపించుకుంటూ తెచ్చాడు. నుదుట తెల్ల చుక్క ఉన్న గుర్రం. డొక్క వైపు తిరిగి తిరిగి చూసుకుంటోంది, నేలను కాలితో తవ్వుతోంది. డాక్టరు లేరు, రేపు రా అనొచ్చు. అనలేదు. ట్యూబు తీశాను.

గొంతు దాటాక ట్యూబు చివరనుంచి బుస్సుమని గాలి వచ్చింది. "చూశావా, గ్యాసు పోతోంది" అన్నాను. అతను రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టాడు. నా జన్మలో అప్పటిదాకా నాకెవరూ దణ్ణం పెట్టలేదు. డాక్టరుగారైతే ట్యూబు చివర నోట్లో పెట్టుకుని ఒకసారి పీల్చి చూసేవారు. మేత దారిలో ఉంటే గాలి రాదు, నాలుక అతుక్కుంటుంది. గాలి దారిలో ఉంటే హాయిగా వస్తుంది. ఆ రబ్బరు కంపు నాకు గిట్టదు. దణ్ణం పెట్టించుకుని ఉన్నాను, పీల్చడం దేనికనుకున్నాను. గరాటా పెట్టి నూనె పోసేశాను.

అది గ్యాసు కాదు, ఊపిరి. అలిసిపోయిన గుర్రం దగ్గను కూడా దగ్గలేదు.

చచ్చాక అతను వచ్చి, ఏమైందండి అని అడిగాడు. నాకు అప్పటికే తెలుసు. ముక్కుల్లోంచి నూనె కారడం చూశాను. "నీ మేతే చంపింది. తడి తవుడు పెట్టావు కదూ? కడుపు పగిలింది" అన్నాను. అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు. డాక్టరుగారికి కూడా అదే చెప్పాను.

నలభై దాటాక మా చర్చి వరండాలో పాస్టరమ్మగారి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. బైబిలు చదవడం వచ్చింది, ఉద్యోగంలో చివరి పదిహేనేళ్ళు సీసాల మీద పేర్లు చదివే మందులిచ్చాను. ఆదివారం ఆదివారం మోకాళ్ళ మీద పాపాలు ఒప్పుకున్నాను. ఆ ఒప్పుకోళ్ళలో గుర్రం ఎప్పుడూ రాలేదు. రానివ్వలేదు.

మొన్న ఫిబ్రవరిలో, పెళ్ళిళ్ళ రోజుల్లో, పొద్దున్నే నాకు ఫోను వచ్చింది. రిటైరయ్యాక పెదపాడు దగ్గర మా ఊళ్ళోనే ఉంటున్నాను. ఫోను చేసింది కొల్లేటి వైపు ఆస్పత్రిలో పనిచేసే డాక్టరమ్మ. ముప్పై కూడా ఉండవు.

"తాతగారూ, మీరు గుర్రాలకి ట్యూబు వేసేవారటగా? మా అటెండరు చెప్పాడండి."

"వేసేవాణ్ణి."

"నేను కాలేజీలో ఒక్కసారే చూశానండి. అదీ వెనక వరసలోంచి, మునివేళ్ళ మీద లేచి. ఇక్కడో పెళ్ళి గుర్రం చచ్చిపోయేలా ఉందండి. ట్యూబు నేనే వేస్తాను, మీరు పక్కన నిలబడండి చాలు."

నేను రానని చెప్పాలి. కారు పంపిస్తున్నామన్నారు. చొక్కా వేసుకున్నాను.

కొల్లేటికోట వెళ్ళే దారిలో, చేపల చెరువుల మధ్య ఊరు. షామియానా ఇంకా విప్పలేదు. చెరువు గట్టు మీద తెల్ల గుర్రాన్ని ఒకతను నడిపిస్తున్నాడు. ఆడ గుర్రం. రాత్రి ఊరేగింపుకు కట్టిన తళుకుల జిగినీ దండ మెడలో అలాగే ఉంది. మెడంతా చెమట. నాలుగడుగులు వేసి ఆగి, డొక్క వైపు చూసుకుని, పడుకోబోతోంది. పడుకుంటే పొర్లుతుందని అతను తాడు లాగి మళ్ళీ నడిపిస్తున్నాడు. అతనికి నలభై అయిదుంటాయి. ఏలూరు మనిషి, పెళ్ళిళ్ళకు గుర్రాన్ని తిప్పడమే బతుకు. ఉన్నది ఈ ఒక్క గుర్రమే.

పెళ్ళికొడుకు పెదనాన్న ఎదురొచ్చాడు. చెరువుల ఆసామి. మర్యాద ఎక్కువ మనిషి.

"రండి రండి, ముందు కాఫీ తీసుకోండి."

"కాఫీ తర్వాత. ఏం పెట్టారు దానికి?"

"ఏం పెడతామండీ, ఉన్నదే పెట్టామండి. మన గుమ్మంలోకొచ్చిన ప్రాణి ఖాళీ కడుపుతో ఉంటే మనకి మర్యాదా చెప్పండి? ఇతను భోజనానికి కూర్చున్నాడండి. గుర్రం మావైపు చూస్తోంది. మా బావమరిది చేపల షెడ్డులోంచి తట్టతో తవుడు తెచ్చి పెట్టాడండి. ఎంతిష్టంగా తిందనుకున్నారు! ఆడపెళ్ళివారు కూడా అంతిష్టంగా తినలేదండి."

"ఎన్ని తట్టలు?"

"రెండండి. మూడో దాంట్లో కొంచెం వదిలేసింది, మొహమాటపడిందేమో."

"నీళ్ళు?"

"అడిగినన్ని. నీళ్ళకేం కరువండీ కొల్లేట్లో."

పొడి తవుడు మూడు తట్టలు, దాని మీద బకెట్ల కొద్దీ నీళ్ళు. లోపల అది ఈపాటికి ఎంత ఉబ్బి ఉంటుందో. ఇంతలో గుర్రం దగ్గింది. తడి దగ్గు.

"నోట్లో ఏమైనా పోశారా?"

ఆసామి గొంతు కొంచెం తగ్గింది. "ఇంగువ నీళ్ళండి. గేదెలకి పోసినట్టే, వెదురు గొట్టంతో."

"తల పైకెత్తి?"

"ఎత్తకపోతే ఎలా దిగుతుందండీ?"

గేదెకు చెల్లుతుంది. గుర్రానికి తల ఎత్తి పోస్తే సగం గాలి దారిన పోతుంది. డాక్టరమ్మ నా మొహం చూసింది. ఆమెకూ ఆ సంగతి తెలుసు. కాకపోతే ఇంకొక్క గంట ఆగితే కడుపే పగిలేలా ఉంది. ఊపిరితిత్తుల సంగతి రెండు మూడు రోజులకు జ్వరం వస్తే గాని తేలదు. ముందు కడుపు.

గుర్రం మనిషి నావైపు చూడకుండానే మాట్లాడాడు. "నేనే చంపుకున్నానండి. మా నాన్న చెప్పనే చెప్పాడు, సోలతో కొలిచి నువ్వే పెట్టు, ఇంకోళ్ళ చేత పెట్టించకని. విస్తరి ముందు కూర్చున్నాను. అంతసేపేనండి." భుజానికున్న సంచిలోంచి ఒక రేకు సోల తీసి చూపించాడు. లోపల మేకుతో గీసిన గీత ఉంది. ఆ గీతదాకానే పూటకు.

"మీ నాన్న కూడా గుర్రాలేనా?"

"గూడెం స్టేషన్లో జట్కా అండి. మీకు తెలిసుండదు."

ఆరేడు జట్కాలుండేవి కదా, ఇంకెవరైనా కావచ్చుననుకున్నాను. అలా అనుకోవడం నాకు బాగా అలవాటు.

డాక్టరమ్మ మత్తు సూది వేసింది. నేను ట్యూబును గుర్రం పక్కన పట్టి కొలిచాను. ముక్కునుంచి గొంతుదాకా ఒకచోట దారం కట్టాను, ముక్కునుంచి చివరి పక్కటెముకదాకా ఇంకోచోట. చదువు రానప్పటి పద్ధతి అది. ముడి పడడానికే మూడుసార్లు వెయ్యాల్సి వచ్చింది. డాక్టరమ్మ చూసింది. ట్యూబు తనే తీసుకుంది. గుర్రం మనిషి తాడు పొట్టిగా పట్టుకుని తల దగ్గర నిలబడ్డాడు. గుర్రం కదలకుండా దాని పై పెదవిని తాడుతో మెలిపెట్టి నేను పట్టుకున్నాను.

ట్యూబు ముక్కులోకి వెళ్ళింది. బొటనవేలితో కిందికి నొక్కి తొయ్యమన్నాను, అలాగే చేసింది. అయినా కొంచెం రక్తం వచ్చింది. షామియానాలోంచి ఎవరో ఆడమనిషి "అమ్మో" అంది. మొదటి దారం దాటింది. గుటక పడిందో లేదో నాకు కనపడలేదు. ఒక్కసారిగా ట్యూబు చివరనుంచి బుస్సుమని గాలి వచ్చింది.

"వచ్చేస్తోందండీ!" ఆసామి చప్పట్లు కొట్టాడు. "గ్యాసు వచ్చేస్తోంది! చూశారా, చదువుకున్న చెయ్యి!"

డాక్టరమ్మ మొహం విప్పారింది. గుర్రం మనిషి ఒక చేత్తో తాడు పట్టుకునే రెండో చెయ్యి ఎత్తి ఆమెకు దణ్ణం పెట్టాడు. ఆ చెయ్యి ఎత్తడం చూశాను. అతను ఎవరి కొడుకో అప్పుడు తెలిసిపోయింది నాకు.

డాక్టరమ్మ నీళ్ళు పొయ్యడానికి గరాటా అందుకుంది.

"ఆగమ్మా. పొయ్యకు."

"ఏంటండీ?"

"డొక్క చూడు. డొక్క దిగినప్పుడు గాలి వస్తోంది, లేచినప్పుడు ఆగుతోంది. వాసన ఉందా? లేదు. అది గ్యాసు కాదు, ఊపిరి."

"దగ్గలేదు కదండీ. ఊపిరిగొట్టంలోకి పోతే దగ్గుతుందని..."

"మత్తులో ఉంది, అలిసిపోయింది. దగ్గదు. అప్పుడు కూడా దగ్గలేదు."

"ఎప్పుడండీ?"

ఆమె చేతిలో గరాటా అలాగే ఉంది. నమ్మాలా వద్దా అన్నట్టు చూస్తోంది. ముసలాడు, ముడి కూడా సరిగ్గా వెయ్యలేకపోయాడు, చదివింది తను. నమ్మించడానికి నా దగ్గర ఇంకో సాక్ష్యం లేదు.

"గూడెంలో" అన్నాను. "స్టేషను జట్కా గుర్రానికి. ఇలాగే గాలి వస్తే గ్యాసన్నాను, నూనె పోశాను, చంపాను. వాళ్ళ మేతే చంపిందని చెప్పాను."

తాడు పట్టుకున్నతను తల తిప్పి నన్ను చూశాడు. తాడు మాత్రం వదల్లేదు. వదిలితే గుర్రం పోతుంది.

డాక్టరమ్మ గరాటా కింద పెట్టి ట్యూబు మెల్లగా వెనక్కి లాగింది.

"తల కిందికి వంచు" అన్నాను అతనితో. "గడ్డం ఛాతీకి ఆనాలి. అప్పుడు మేత దారి తెరుచుకుంటుంది."

వంచాడు. నావైపు చూడలేదు.

రెండోసారి ట్యూబు గొంతు దగ్గర ఆగింది. ఆమెను తొయ్యవద్దన్నాను, ఆగమన్నాను. ఆగాం. గుర్రం గుటక వేసింది. "ఇప్పుడు" అన్నాను. తోసింది. నా వేలు మెడకు ఎడమ పక్కన పెట్టాను, చర్మం కింద ట్యూబు పాములా జారడం తెలిసింది. ట్యూబు చివర అందుకుని నోట్లో పెట్టుకున్నాను. డాక్టరమ్మ వద్దనబోయింది. రక్తం, రబ్బరు, చీమిడి. పీల్చాను. గాలి రాలేదు. నాలుక అతుక్కుపోయింది.

రెండో దారం ముక్కు దగ్గరికి వచ్చేసరికి లోపల గుడగుడమంది. పుల్లటి కంపు ఒకటి వచ్చింది, పులిసిన కుడితి కంపు. ఆసామి ముక్కు మూసుకున్నాడు. నాకు మాత్రం ఆ కంపుకు ఏడుపొచ్చింది.

గోరువెచ్చటి నీళ్ళు చెంబుడు చెంబుడు పోసి, ట్యూబు చివర బకెట్లోకి దించడం. గోధుమ రంగు తవుడు జావ కారడం, మధ్యలో తవుడు అడ్డుపడితే ఊది వదిలించడం, మళ్ళీ పోయడం. నూనె పోద్దామా అని ఆసామి ఉత్సాహపడితే డాక్టరమ్మే, "ఇంత వెనక్కి వస్తుంటే పైనుంచి పొయ్యకూడదండీ" అంది. అది నేను చెప్పింది కాదు, తను చదువుకున్నదే. మధ్యాహ్నం దాటేదాకా అదే పని. గుర్రం డొక్క చూసుకోవడం మానేసింది. చెవులు కదిపింది. చివరికి కాస్త పేడ వేసింది. పెళ్ళివారంతా పేడను చూసి అంత సంతోషించడం నేను ఇంకెక్కడా చూడలేదు.

డాక్టరమ్మ ఇంజక్షన్లు రాసి, మూడు రోజులు జ్వరం చూసుకోవాలని, ఊపిరితిత్తుల సంగతి అప్పుడు గాని చెప్పలేనని అంది. తర్వాత చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. గట్టు మీద నేనూ, గుర్రమూ, అతనూ మిగిలాం.

"నుదుట చుక్కున్నదేనా అండి?"

"చుక్కున్నదే."

చాలాసేపు గుర్రం మెడలో జిగినీ విప్పుతూ ఉన్నాడు.

"ఆ పొద్దున తవుడు తడిపింది మా అమ్మండి" అన్నాడు. "మా నాన్న ఎప్పుడూ పొడిదే పెట్టేవాడు. ఆ రోజు ఆయనకి సుస్తీగా ఉంటే అమ్మ కలిపింది. మీరు తడి తవుడన్నారటగా."

నేను ఊరికే అన్నమాట అది. నోటికి ఏదొస్తే అది అన్నాను. జట్కావాళ్ళు పెట్టే మేతల్లో చెడ్డది ఏదా అని వెతికి, తడి తవుడు తగిలిస్తే, ఆ రోజు ఆ ఇంట్లో నిజంగానే తవుడు తడిసింది.

"ఆయన తిట్టలేదండి. కొట్టనూ లేదు. మళ్ళీ గుర్రాన్ని కొన్నాక ఈ సోల చేయించాడు. అమ్మని ఇంక మేత గాబు దగ్గరికి రానివ్వలేదు. ఆయన పోయేదాకా అంతే. ఇంట్లో ఏం పాడైనా, పాలు విరిగినా, అన్నం మాడినా, ఆవిడ చెయ్యి అలాంటిదిలే అనేవాడు నవ్వుతూ. ముప్పై అయిదేళ్ళండి. నేను కూడా ఆవిడ్ని గుర్రం దగ్గరికి రానివ్వనండి. అలా అలవాటైపోయింది."

"నన్ను..." అని ఏదో అనబోయాను.

"నాకు చెప్పడం కాదండి. నా గుర్రాన్ని ఇవాళ నిలబెట్టారు, మీ కాళ్ళకి దణ్ణం పెట్టాలి నేను. పెట్టలేకపోతున్నాను. మా అమ్మ ఉందండి ఏలూర్లో. వచ్చి ఆవిడకి చెప్పండి."

మూడు రోజులు మా ఇంట్లో నాకు అన్నం సహించలేదు. గుర్రానికి జ్వరం వస్తే అతని బతుకు పోతుంది, అది ఒక భయం. రాకపోతే నేను ఏలూరు వెళ్ళాలి, అది ఇంకో భయం. రెండోది పెద్దదని రాయడానికి సిగ్గుగానే ఉంది. ఒక పూట, గుర్రం పోతే ఆ గొడవలో నా సంగతి మరుగున పడుతుందన్న ఆలోచన కూడా వచ్చింది. ఈ వయసులో కూడా వచ్చింది.

నాలుగో పొద్దున డాక్టరమ్మ ఫోను చేసింది. "జ్వరం లేదండీ తాతగారూ. ఛాతీ శుభ్రంగా ఉంది. పచ్చగడ్డి కొంచెం కొంచెం పెట్టమన్నాను."

బస్సెక్కాను.

కాలవ పక్క సందులో రెండు గదుల ఇల్లు, ముందు రేకుల చావిడి, అందులో గుర్రం. ఆవిడ గుమ్మంలో కూర్చుని గోంగూర వలుస్తోంది. డెబ్భై దాటిన మనిషి. కొడుకు లోపల్నుంచి వచ్చి, "అమ్మా, ఈయనేనే" అన్నాడు. అంటే చెప్పేశాడు. అయినా నేను చెప్పాలి. చెప్పాను. నూనె, గాలి, పీల్చి చూడకపోవడం, ముక్కుల్లోంచి కారింది చూసి కూడా అబద్ధమాడడం. ఏదీ దాచలేదు.

ఆవిడ వలవడం ఆపలేదు.

"అయితే తవుడు కాదన్నమాట."

"కాదమ్మా."

"ఆయన ఉండగా చెప్పాల్సింది."

"అవునమ్మా."

"నేను చెప్పానండి ఆయనకి. తవుడు తడిస్తే గుర్రం చస్తుందా, ఊళ్ళో ఎన్ని గుర్రాలు తిన్లేదూ అని. ఆస్పత్రి ఆయన చెప్పాడుగా, నీకేం తెలుసన్నారు. అవును, నాకేం తెలుసు." ఒక కాడ విరిచి పక్కన పడేసింది. "నాకు తెలుసండి."

ఆ తర్వాత లేచింది. మోకాళ్ళు పట్టుకుని, గోడ పట్టుకుని లేచి చావిట్లోకి వెళ్ళింది. పచ్చగడ్డి మోపు పక్కనే ఉంది. కొడుకు ఒక అడుగు ముందుకు వేశాడు, "అమ్మా, అదీ, సోలా..." అని ఆగిపోయాడు. ఆవిడ గుప్పెడు గడ్డి తీసి, మట్టి దులిపి, గుర్రం నోటి దగ్గర పెట్టింది. గుర్రం వాసన చూసింది. తిన్నది. ఇంకో గుప్పెడు తీసింది.

నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆవిడ మూడో గుప్పెడు పెట్టి, చెయ్యి దులుపుకుని, మళ్ళీ వచ్చి గోంగూర ముందు కూర్చునేదాకా ఎండలో నిలబడే ఉన్నాను. ఆ తర్వాత, వస్తానని చెప్పి బస్టాండుకు నడిచాను.